ఎర్ర గుడ్డ బండి

ఆ పూలవనంలో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. పెళ్ళయిన కొత్తలో భర్తకు సాయంగా కలుపు తీయడానికి వచ్చింది. ఆయన పోయాక ఆయన కత్తెర ఆమె చేతికి వచ్చింది. పిడి పట్టుకునే చోట ఆయన అరచేతికి అరిగిన గుంట ఉండేది. ఇప్పుడది ఆమె అరచేతికి సరిపోయింది.

అక్కడ తోటలకు రంగుల పేర్లు. తెల్ల తోట, ఎర్ర తోట, పసుపు తోట. వాటికి అవతల నెమళ్ళు, తాబేళ్ళు, జింకలు. జింకల కాపరి ఆమె మరిది. వదినా మరుదులు ఎదురుపడితే ఒకరినొకరు ఆటపట్టించకుండా దాటిపోరు. ముందు నువ్వు మేసి తర్వాత జింకలకు వేస్తావా అని ఆమె అడుగుతుంది. నీ కత్తెర కన్నా నీ నోరే పదునని అతనంటాడు.

ఎర్ర తోట కంచె మందార. కత్తిరించిన కొమ్మలను జింకలు ఆబగా తింటాయి. పసుపు తోట కంచె పచ్చగన్నేరు. అది విషం, గుప్పెడాకు చాలు జింకను పడగొట్టడానికి. ఆ కొమ్మలను చెత్తగుంటలో పారేయాలి. ఒకప్పుడు మేత బండిది ఆకుపచ్చ రంగు, గుంట బండిది నలుపు. సందర్శకుల కంటికి ఇంపుగా ఉండాలని కొత్త అధికారి రెండింటికీ ఒకే రకం పూల బొమ్మలు వేయించాడు. అప్పటినుంచి కత్తెరమ్మ గన్నేరు బండి పిడికి ఎర్ర గుడ్డ కడుతోంది. గుడ్డ ఉన్నది గుంటకు, లేనిది జింకలకు. ఈ మాట మరిదికి పిల్లవాడికి పాఠం చెప్పినట్టు చెప్పింది.

ఆ రోజు రెండు కంచెలూ కత్తిరించి, బండ్లను పంపు దగ్గర వదిలి, చేతులు కడుక్కోవడానికి సబ్బు ఉండే షెడ్డు వెనక్కి వెళ్ళింది. చేతులకు గన్నేరు పాల జిగురు అంటితే ఓ పట్టాన వదలదు. తిరిగి వచ్చేసరికి ఒక బండే ఉంది, పిడికి ఎర్ర గుడ్డతో. సరే, మరిది మేత బండి తీసుకుపోయాడు అనుకుంది. గుంట వైపు తోయబోతూ లోపలికి చూసింది.

అడుగున ఉన్నది మందార ఆకు.

ఒక కొమ్మ తీసి తిప్పి చూసింది. మందారే. మరి గన్నేరు ఏ బండిలో వేసినట్టు? గుడ్డ తనే కట్టింది. ముడి కూడా... తను రెండు ముళ్ళు వేస్తుంది, ఇక్కడ ఒకటే ఉంది. తొందరలో ఒకటే వేసిందా? ముందు మందార కొట్టిందా, గన్నేరు కొట్టిందా? నిన్నటిదీ ఇవాళ్టిదీ కలగాపులగమైపోయాయి. కొమ్మ తెగిన చప్పుడు గుర్తుంది కానీ ఏ కొమ్మో గుర్తులేదు.

ఆవరణలో విడిగా ఉంచిన చూడి జింకకే మొదటి మేత. రేపో మాపో ఈనేలా ఉంది.

కత్తెరమ్మ పరుగెత్తింది. దారిలో ఎవరో గులాబీలు ఎటువైపని అడిగితే చెయ్యి ఊపింది. ఎటు ఊపిందో ఆమెకే తెలియదు. తెల్ల తోటలో మలుపు తప్పి, అంత తెలిసిన చోట ఒక్క క్షణం దారి తోచక నిలబడిపోయింది.

ఆమె చేరేసరికి మేతతొట్టి సగం ఖాళీ. చూడి జింక నెమరు వేస్తోంది.

"ఏం వేశావయ్యా?"

"మందార. రోజూ వేసేదే కదా వదినా."

తొట్టిలో చెయ్యి పెట్టి కెలికింది. అంతా మందారే. ఆమెకు ఇంకా అయోమయం ఎక్కువైంది. గన్నేరు ఏమైనట్టు? గుంటలో పారేశానని అతను తాపీగా చెప్పాడు. మేత బండి చక్రం బిగుసుకుపోయిందట. అందుకని గన్నేరును గుంటలో కుమ్మరించి, ఆ బండిలోకి మందార మార్చుకుని వచ్చాడట. పట్టనిది పాత బండిలో వదిలేశాడట.

"మరి గుడ్డ?"

"విప్పి ఆ పాత బండికి కట్టేశాను. గుడ్డ ఉన్న బండి జింకల దగ్గరికి రాకూడదన్నావుగా. నీ మాట తప్పానా?"

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "జింకలు తినాల్సిన గడ్డి నువ్వు తిన్నావా ఏమయ్యా? బండి కడిగావా?"

అతను గబుక్కున తొట్టి వైపు తిరిగాడు.

ఇద్దరూ తొట్టిని బయటికి లాగి, గోనెపట్టా మీద బోర్లించి, ఆకు ఆకూ విడదీశారు. తొట్టిలో ఏమీ దొరకలేదు. బండి అడుగున మాత్రం సన్నటి గన్నేరు ఆకులు పాల జిగురుతో రేకుకు అతుక్కుని ఉన్నాయి. అన్నీ అతుక్కునే ఉన్నాయా, కొన్ని మందారతో పాటు జారాయా? చెప్పగలిగింది ఆ జింక ఒక్కటే. పశువుల డాక్టరు ఫోన్లో వివరం విని, బయలుదేరుతున్నానని చెప్పి, ఈలోగా మేత పెట్టకుండా కనిపెట్టి ఉండమన్నాడు.

చూడి జింక పడుకుంది. అలసి పడుకుందా, కడుపులో నొప్పి వచ్చి పడుకుందా? చెవి కదిలిస్తే బాగుందనుకుంది కత్తెరమ్మ. మరీ ఎక్కువ కదిలిస్తే అదీ భయమే. మరిది కంచె పట్టుకుని నిలబడి, తప్పు తనదేనని చిన్నగా అన్నాడు. కాదని ఆమె అనలేదు. ముడి తేడా చూసి కూడా తనను తానే అనుమానించుకున్న సంగతి మాత్రం మనసులో గుచ్చుకుంటోంది.

డాక్టరు వచ్చి, జింక గుండె చప్పుడు విని, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. ఎండ తగ్గాక జింక మొదట వెనక కాళ్ళు లేపి, తర్వాత ముందు కాళ్ళు లేపి, నీళ్ళతొట్టి దగ్గరికి వెళ్ళి తాగింది. ఖాళీ మేతతొట్టిని మూతితో నెట్టింది. ఇక భయం లేదని డాక్టరు సంచీ సర్దుకున్నాడు.

కత్తెరమ్మ రెండు కంచెలూ ఒకే రోజు ముట్టుకోనని అప్పుడే తేల్చేసింది. ఒక రోజు మందార, ఒక రోజు గన్నేరు.

"రేపు ఏది వదినా?" అన్నాడు మరిది.

ఆమె నిన్న, ఇవాళ అని వేళ్ళ మీద లెక్కపెట్టబోయి, మధ్యలో తప్పి, మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాత ఇద్దరూ కలిసి బండి కడగడానికి పంపు దగ్గరికి తోసుకుపోయారు.