ఈశాన్యంలో సబ్బునీళ్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను సీనియర్ ఫిజియోథెరపిస్టుగా వికారాబాద్‌లో వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే చివరి పోస్టింగ్. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్ల ఇళ్లకు వెళ్లి మళ్లీ నడక నేర్పడం నా పనిలో భాగం. తాండూరు రైల్లో కిటికీ పక్కన కూర్చుని వెళ్లిన ఆ పొద్దులు తలుచుకుంటే ముందుగా బాలమ్మే గుర్తొస్తుంది.

బాలమ్మ జీవితమంతా గొర్లు కాసిన మనిషి. కొడుకు యాదయ్య బండల పాలిష్ పనిచేస్తాడు. అమ్మ కోసమని స్నానాల గదిలో అద్దంలా పాలిష్ పట్టిన తాండూరు బండ పరిచాడు. ఆమె దాని మీదే జారిపడింది. నేను వెళ్లేసరికి వాకర్ పట్టుకుని వాకిలి దాకా నడుస్తోంది. స్నానం మాత్రం కోడలి చేతుల మీదే.

"కోడలు బంగారమే. గానీ గొర్లను కడిగిన చేతులు బిడ్డా ఇవి. ఇప్పుడు నన్నే గొర్రె లెక్క కూసోబెట్టి కడుగుతున్నరు. నా తానం నేను చేసుకునేటట్టు జెయ్యి," అంది.

గోడకు పట్టుకడ్డీ బిగించాలన్నాను. యాదయ్య ఒప్పుకోలేదు. గది ఈశాన్యంలో ఉండటమే తప్పని, కూలగొట్టి పెరట్లో వేరేది కట్టాలని వాస్తు చెప్పేవాడు తేల్చాడట.

"దిక్కు మంచిగ లేదు మేడమ్. గందుకే అవ్వ పడ్డది."

నాకు ఒళ్లు మండింది. సబ్బునీళ్లకు దిక్కులు తెలియవు. మనిషిని పడేసేది పాదానికి నేల మీద పట్టు లేకపోవడం. నింద దిక్కు మీదికి తోస్తే పెరట్లోనూ అదే నునుపు బండ పరుస్తారు, ఆమె మళ్లీ పడుతుంది.

ఆ ఈశాన్యం మూలనే, స్నానాల గది గుమ్మం ముందు, రెండు బండలు పక్కపక్కన వేయించాను. ఒకటి పాలిష్‌ది, ఒకటి గరుకుది. రెండింటి మీదా సబ్బునీళ్లు పోసి వాళ్ల కుక్క మోతిని నడిపించమన్నాను. నునుపు బండ మీద దాని కాళ్లు తలో పక్కకు జారి పొట్ట నేలకు తగిలింది. గరుకు బండ మీద నిలబడి ఒళ్లు దులుపుకుంది.

బాలమ్మ పకపకా నవ్వింది. "రెండు బండలూ ఒక్కతాననే ఉన్నయి గదరా! దిక్కు యాడ మారింది?"

"మొఖం కనవడేటట్టు పాలిష్ వట్టిన అవ్వా," యాదయ్య గొణిగాడు.

"నేను తానానికి పోతనా, మొఖం జూసుకుంటందుకు పోతనారా?"

మర్నాడే పాత బండలు తీసి గరుకువి పరిచాడు. తువ్వాలు వేసే రాడ్డు మనిషి బరువు ఆపదు కాబట్టి, మందపాటి స్టీలు కడ్డీ తెప్పించాం. గదిలో స్టూలు వేసి, బాలమ్మను దాని మీంచి లేవమని, ఆమె చెయ్యి చాచిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టి బోల్టులు బిగించాం. కూర్చునే నీళ్లు పోసుకునేందుకు పొడుగు పైపు హ్యాండ్ షవర్ పెట్టాం. లోపల గడియ వేయకూడదని షరతు పెట్టాను.

బాలమ్మ మొదటిసారి ఒంటరిగా స్నానానికి వెళ్లిన రోజు కోడలు తలుపు బయటే నిలబడింది. లోపల నీళ్ల చప్పుడు చాలాసేపు ఆగలేదు. చివరికి కేక వినిపించింది: "అయిపోయింది! మోతిగాన్ని గూడ తోలుండ్రి, కడుగుత!"

కుక్కకు రాసే షాంపూ గది నేల మీద ఉండిపోయి జారకుండా, దాన్ని గుమ్మం బయట నిలబెట్టి, పైపు అక్కడిదాకా లాగి కడగమన్నాను. వెంట్రుకలు అడ్డం పడకుండా అక్కడ నీళ్లు పోయే కంతకు జాలీ వేయించాం. బాలమ్మ గుమ్మం లోపల స్టూలు మీద కూర్చునే మోతికి స్నానం చేయించింది.

ఆ తర్వాత ఏ తుంటి రోగి ఇంటికి వెళ్లినా కాలికన్నా ముందు స్నానాల గది చూసేదాన్ని. కండరం బలపడటానికి నెలలు పడుతుంది. నేల మార్చడం ఒక్కపూట పని, పడ్డ కారణాన్ని ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే.