రెండు చుక్కల తల్లిపాలు

ఆ వానాకాలం అమీర్‌పేటలో ఎవరిని చూసినా ఎర్రకళ్ళే. కోచింగులకు పోయే హాస్టలు పిల్లలంతా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సినిమా హీరోల్లా నడుస్తున్నారు. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళో నెలల పిల్లాడు. వాడికి కళ్ళకలక అంటుకుంటుందేమోనని కిటికీలు కూడా తెరిచేదాన్ని కాదు.

ఒక ఉదయం మా ఇంటి ఓనరమ్మ మనవరాలిని చంకనేసుకుని పైకొచ్చింది. పిల్ల కళ్ళు పుసులు కట్టి ఉన్నాయి.

"జర రెండు చుక్కలు పాలు పిండు బిడ్డా. పోరి కండ్లు తెరుస్తలేదు."

"డాక్టరుకు చూపించండి ఆంటీ."

"చూపిస్త తియ్యి. పసిపిల్లకు పాలు లేవంటవా?"

మా గోదావరి వైపూ కళ్ళకలకకు తల్లిపాలే మందని నమ్మకం. తల్లిపాలు అడిగితే లేదనకూడదని మా అమ్మమ్మ అనేది. పిల్లని పడుకోబెట్టి కళ్ళలో చుక్కలు వేశాను. అది కళ్ళు నులుముకుని, అదే చేత్తో నా పైట పట్టుకుంది. వాళ్ళు వెళ్ళగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాను. పైట సంగతి తట్టలేదు. బాబు ఏడిస్తే ఆ పైట కిందే పాలిచ్చాను.

ఆ వారంలోనే బాబు కుడికన్ను వాచింది. పొద్దున్నే చూస్తే రెప్పలు చీముతో అతుక్కుపోయి ఉన్నాయి. లోపల కన్ను ఉందో పోయిందో తెలియలేదు. ఆటోలో పంజాగుట్ట ఆసుపత్రికి బయల్దేరాను. ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్ ఆగితే దేవుళ్ళందరినీ తిట్టి, వెంటనే బల్కంపేట ఎల్లమ్మకు చెంపలేసుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తడి దూదితో మెల్లగా తుడిచింది. రెప్ప విడింది. నల్లగుడ్డు నా వైపు తిరిగింది. అక్కడే ఏడ్చేశాను.

"ఇది బాక్టీరియా అమ్మా. మందు చుక్కలు రాస్తాను, తగ్గిపోతుంది. పాలు మాత్రం ఎవరి కంట్లోనూ వెయ్యకండి. చేతులు, తువ్వాళ్ళు, బట్టలు, వీటితోనే అంటుకుంటుంది."

సాయంత్రం పక్క సందులో ఆవిడ చెంచా పట్టుకుని వచ్చింది. ఓనరమ్మ పంపిందట. గల్లీకి నేనే మెడికల్ షాపునన్నమాట! తలుపు సందులోంచే పాలు ఇవ్వనని చెప్పాను. గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు నా కంట్లో ఇసుక పడ్డట్టు గరగర మొదలైంది. చేతులు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని బాబుకి పాలిచ్చాను. వాడు తాగుతూ ఎప్పటిలాగే నా మొహం తడమడానికి చెయ్యి చాచాడు. వాడి ఎడమకన్ను గుర్తొచ్చి ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఆపేశాను. వాడు ఆట అనుకుని నవ్వాడు.