ఇమినా కుక్కలు లావెక్కిన వేసవి

మా అన్న ఇమినా పరాయివాళ్లను అంత తేలిగ్గా నమ్మడు. మా అమ్మ సీలు అనే సముద్రజంతువుల తోళ్లు అమ్మి మమ్మల్ని పెంచింది. ఎవరో వచ్చి వేటలో చచ్చిన సీలు పిల్లల ఫోటోలు తీసుకెళ్లారు, దేశదేశాల్లో జనం కన్నీళ్లు పెట్టుకున్నారు, మా తోళ్లు కొనే నాథుడే లేకుండా పోయాడు. అది అన్న మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

అందుకే, కరిగిపోతున్న మంచు బొమ్మలు గీస్తానంటూ కోపెన్‌హాగెన్ నుంచి సిసె అనే చిత్రకారిణి ధ్రువపు సముద్రం ఒడ్డునున్న మా ఊళ్లో దిగేసరికి అన్నకు ఒళ్లు మండింది.

"మంచు కోసం వచ్చిన మనిషి రోజూ నా కుక్కల దగ్గర కూర్చుంటుందేమే?"

"అక్కణ్ణుంచి సముద్రం బాగా కనిపిస్తుందేమోలే."

"నీ మొహం! వాటి పక్కటెముకలు లెక్కపెడుతోంది."

వేసవిలో మంచు మీద బండి లాగే పని ఉండదు కనుక మా కుక్కలకు వారానికి రెండుసార్లే తిండి. అవి చిక్కి ఉండటం మాకు వింత కాదు. బొమ్మలో చూసినవాళ్లకు మాత్రం మేం కసాయివాళ్లం.

"అయితే కడుపునిండా పెట్టు. ఏం గీస్తుందో గీయమను" అని నేనే ఎగదోశాను.

చలికాలానికని ఎండబెట్టిన హాలిబట్ చేపలన్నీ అన్న పందిరి మీంచి దించాడు. పదకొండు కుక్కలకూ రోజూ విందే. నెల తిరిగేసరికి పీపాల్లా తయారయ్యాయి.

"ఏం ఇమినా, కుక్కలకు పెళ్లిచూపులా?" అని ఊరంతా ఎగతాళి. సిసె కూడా నవ్వింది. ఆ నవ్వు మీదా మాకు అనుమానమే. గీస్తున్న అట్టను ఒక్కసారైనా మావైపు తిప్పలేదు మరి.

ఆమె వెళ్లిపోయింది. డిసెంబరు వచ్చినా సముద్రం గట్టిపడలేదు. అన్న ఇనుప మొన ఉన్న కర్రతో రోజూ మంచును పొడిచి చూసేవాడు. ఒక్క పోటుకే నీళ్లు. బండి వెళ్లేంత గట్టిగా లేదు, పడవ కదిలేంత పలచగానూ లేదు. చేపలు పట్టే దారి లేదు, పందిరి ఖాళీ. జనవరిలో అన్న ఆరు కుక్కల్ని కాల్చేశాడు. ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచి మరీ. నేను ఇంట్లో చెవులు మూసుకుని కూర్చున్నాను. ఆ పాపంలో సగం నాదే.

ఫిబ్రవరిలో సిసె పంపిన బొమ్మ టపా తెచ్చే హెలికాప్టర్‌లో వచ్చింది. బల్ల మీద పరిచాం. నల్లటి నీళ్లు, తేలుతున్న మంచు పెళ్లలు. అన్న మూలమూలా వేలు పెట్టి వెతికాడు.

"కుక్కలేవే?"

వెనక ఆమె రాసింది చదివాను: "కుక్కల్ని గీయడం నాకు చేతకాదు. వాటి పక్కన కూర్చుంటే చలిగాలి తగిలేది కాదు. చోటిచ్చినందుకు సంతోషం."

"ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను. మూడోసారి అడిగితే నావల్ల కాలేదు.