గాలికి ఎదురు గుమ్మం

ఎల్వీ రౌతియోకి అరవై మూడేళ్లు. కెనడాలో ఉత్తర ఒంటారియోలో స్కూలు బస్సు నడుపుతుంది. ఏటా ఫిబ్రవరిలో ఊళ్లోని స్కౌటు పిల్లల్ని గడ్డకట్టిన సరస్సు ఒడ్డుకు తీసుకెళ్లి, వాళ్ల చేత మంచుగూళ్లు కట్టించి, అందులోనే పడుకోబెట్టడం ఇరవై నాలుగేళ్లుగా ఆమె పని. ముందు పారలతో మంచు కుప్ప పోయాలి. రెండు గంటలు బిగుసుకోనివ్వాలి. చుట్టూ అడుగు పొడవు పుల్లలు గుచ్చి, లోపల తొలుస్తూ పుల్ల మొన కనబడగానే ఆగిపోవాలి. గుమ్మం గాలికి పెడమొహంగా ఉండాలి. ఈ చివరి మాట ఆమె ఎన్నిసార్లు చెబుతుందంటే, పిల్లలు ఆమె గొంతుతోనే దాన్ని వెక్కిరిస్తారు.

పెద్దలు పిల్లల గూళ్లలో పడుకోకూడదని నియమం. ఇన్నేళ్లూ ఎల్వీ, నర్సు మావిస్ ఒకే గూట్లో సర్దుకున్నారు. మావిస్ గురక పెడుతుందని ఎల్వీ, ఎల్వీ నిద్రలో బ్రేకులు తొక్కుతుందని మావిస్ పొద్దున్నే పిల్లలకి చాడీలు చెప్పేవాళ్లు. మోకాళ్లు అరిగాక మావిస్ దక్షిణాన చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె బదులు వచ్చిన క్రెయిగ్ ఒక పిల్ల తండ్రి, తన గుడారం తానే తెచ్చుకున్నాడు. వచ్చే ఏడు జట్టును ఎవరు నడపాలో స్కౌటు కమిటీకి రాసి పంపాల్సిందీ అతనే. అది తనకే దక్కాలని ఎల్వీ ఆశ. బస్సు దిగే పిల్లలు తప్ప ఆమెను పలకరించే దిక్కు లేదు.

ఈసారి కుప్ప ఒక్కతే పోసింది, ఒక్కతే తొలిచింది. మధ్యాహ్నం మూడింటికి పాక్కుంటూ బయటికొస్తే, ఎదురుగా ఇద్దరమ్మాయిలు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు.

"ఏమే బ్రిన్, గాలి ఎటునుంచే?" అంది తావియా.

"పడమర నుంచి. నా ముక్కునడుగు, గడ్డకట్టి ఊడిపోకుండా ఉంటే చెప్తుంది."

"మరి ఎల్వీ గుమ్మం ఎటుందే?"

"పడమరకే! 'గాలికి పెడమొహం పెట్టండర్రా' అని పొద్దున్నుంచీ అరిచిందెవరో?"

"ఊరుకోవే. కావాలనే పెట్టారు. మనం కనిపెడతామో లేదో అని పరీక్ష. అంతేగా ఎల్వీ?"

టీ కాస్తున్న క్రెయిగ్ తలెత్తి చూశాడు. అవునంటే సరిపోయేది.

"కాదు," అంది ఎల్వీ. "తప్పు నాదే. ఇటు పెడితే మీ గుమ్మాలు కనిపిస్తాయని తొలిచాను."

"మేం కనిపిస్తే ఏంటి?"

"ఏం లేదు. ఆ పార ఇలా ఇవ్వు."

పాత గుమ్మాన్ని మంచుతో పూడ్చి, అవతలి పక్క కొత్తది తవ్వడం మొదలుపెట్టింది. కాసేపటికి క్రెయిగ్ టీ కప్పుతో వచ్చి పక్కన గొంతుక్కూచున్నాడు.

"వచ్చే ఏడు కూడా మీ పేరే రాస్తానండీ. నేనైతే గాలి సంగతే చూసి ఉండేవాణ్ణి కాదు."

"మంచిది," అంది. ఇంతకాలం కోరుకున్న మాటే. టీ తాగి కప్పు అతనికిచ్చేసింది.

నాలుగున్నరకి పని అయింది. లోపలికి దూరి దూరి పడుకునే వెచ్చటి సంచీ పరిచింది, అలవాటు కొద్దీ ఒక పక్కకి జరిపి. గుమ్మంలోంచి స్ప్రూసు చెట్ల మొదళ్లు, వాటి వెనక ఇంకా మొదళ్లు. వెనకాల పిల్లలు ఏదో ఆట ఆడుతుండాలి. అంత మందపు మంచుగోడలోంచి ఒక్క కేకా రాలేదు.