చిన్నమామను అడగవలసిన తీరు

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, తమిళనాడులోని కోవిల్‌పట్టి దగ్గర మా అవ్వవాళ్ల ఊళ్లో ఇంటింటా విత్తనాలకు ఒక గది ఉండేది. గింజల్లో బూడిద, వేపాకు కలిపి కుండల్లో నింపి, మూతికి గుడ్డ కట్టి, మూత పెట్టి, పైన పేడా మట్టీ కలిపి అలికేసేవారు. పురట్టాసి నెలలో, అంటే సెప్టెంబరు-అక్టోబరుల్లో, విత్తేదాకా ఆ కుండను ఎవరూ ముట్టకూడదు. మా ఇంట్లో ఆ అలికే పని మా చిన్నమామది.

చిన్నమామ అంటే మా అమ్మకు తమ్ముడు. అప్పటికే ముప్పై దాటినా పెళ్లి కాలేదు. ఏ కుండలో ఏ చేని గింజలున్నాయో, ఏ ఏడు ఏ కుండ అంచు విరిగిందో తడుముకోకుండా చెప్పేవాడు. అదే మనిషిని సంతకు వెళ్లి వచ్చాక “ఏమి జరిగె మామా?” అని అడిగితే, ముంజేతి వెంట్రుకలు లాక్కుంటూ నిలబడిపోయేవాడు. దాన్ని ఆటిజం అంటారని మాకు తెలిసింది ఎన్నో ఏళ్ల తర్వాత. అప్పుడు మాత్రం ఊరంతా మొద్దు అనేది. నేనూ అనేదాన్ని, సిగ్గు లేకుండా.

ఆ ఏడు నాకు పల్లాంగుళి, అదే వామనగుంటలు, ఆడే పిచ్చి పట్టింది. చింతగింజలు నచ్చలేదు. లావుగా, నున్నగా ఉండే అనపగింజలే కావాలి. ఒక మధ్యాహ్నం అనపల కుండ మూతి మీది అలుకు పగలగొట్టి, గుడ్డ లాగేసి, రెండు దోసిళ్లు తీసుకున్నాను. తర్వాత గుడ్డ కట్టకుండానే మూత పెట్టి పచ్చి పేడ మెత్తేశాను. పెద్ద పనిమంతురాలిని అనుకున్నాను కూడా.

విత్తే రోజు విప్పి చూస్తే లోపలికి తడి దిగి గింజలన్నీ బూజు పట్టాయి. ఆ ఏటికి అనప పంట లేనట్టే. తాత మామను ఎదుట నిలబెట్టి అడిగాడు. “ఏమిరా చేస్తివి? జరిగింది ఒళుంగా, ఉన్నదున్నట్టు చెప్పు.” మామ నోరు విప్పలేదు. అందరూ దాన్నే ఒప్పుకోలు అనుకున్నారు. స్తంభం వెనక నేనూ నోరు విప్పలేదు. అతనికి మాట రాలేదు, నేను వచ్చిన మాటను మింగేశాను. వీడు ఇంటిపనికి పనికిరాడని తేల్చేసి, తాత అతన్ని విరుదునగరులో బంధువుల పప్పుల గోదాములో మూటలు మోయడానికి పంపేశాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితేనే చెవులు మూసుకునే మనిషిని!

నెల తిరిగేసరికి అవ్వకు తిండీ నిద్రా కరువయ్యాయి. ఒక ఉదయం ఆ కుండనే సంచిలో పెట్టుకుని, తోడుగా నన్ను తీసుకుని బస్సెక్కింది. గోదాము మెట్ల మీద మామ చిక్కి సగమై కనిపించాడు. ఏం జరిగిందని అవ్వ అడగలేదు. కుండను అతని ఒళ్లో పెట్టి, అతని చెయ్యి పట్టుకుని మూతి చుట్టూ తిప్పింది.

“సామీ, దీనికి నువ్వు కట్టిన గుడ్డ ఏ రంగుది?”

“ఎర్రది. అంచు చినిగి ఉండె.”

“దాని తరవాత ఈ కుండ కాడ ఎవరు ఉండిరి?”

“పాప. పచ్చ పావడ. ఎడం చేత్తో పేడ మెత్తె. గుడ్డ కట్టలే. మూడు గింజలు కింద పడె.”

పాప అంటే నేనే. నా మీద కోపంతో చెప్పలేదు. ఇన్నాళ్లూ నన్ను కాపాడాలని దాచిపెట్టనూ లేదు. అతనికి గుర్తొచ్చేలా అడిగినవాళ్లు లేరు, అంతే.

అవ్వ నా వైపు చూసింది. రెండు తగిలించి ఉంటే బాగుండేది. “నువ్వు ఆ దినమే చెప్పి ఉంటే వీడు ఈడికి వచ్చిండడు గదమ్మా” అని మాత్రం అంది. ఆ మధ్యాహ్నం బస్సులోనే మామను ఇంటికి తెచ్చుకున్నాం. తాతకు నా తప్పు నేనే చెప్పాను. ఆయన మామకు అన్నం పెట్టమన్నాడు.

ఇప్పుడు మామకు అరవై దాటాయి, నాకూ జుట్టు నెరిసింది. నా దగ్గరే ఉంటాడు. డాక్టరు “ఎలా ఉంది?” అని అడిగితే ఈనాటికీ మాట రాదు. నేను మందుల పెట్టె అతని చేతిలో పెట్టి, “నొప్పి వచ్చినప్పుడు ఏ కుర్చీలో ఉంటివి మామా?” అని మొదలుపెడతాను. ఇక అన్నీ వరసగా వస్తాయి. అవ్వ దగ్గర నేర్చుకున్నది అదే.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. గోదాములో మొదటి పూట నీకు అన్నం ఎవరు పెట్టిరి, ఏ మూల కూర్చుని తింటివి అని అడగాలి. అలా అడిగితే ఆ నెలంతా పూస గుచ్చినట్టు చెబుతాడని నాకు తెలుసు. అందుకే ఇంతవరకూ అడగలేదు.