కవల నంబరు

2023, వానాకాలం. గజపతినగరంలో నాది సిమ్‌కార్డుల కొట్టు. తాత బెల్లం అమ్మాడు, నాన్న కిరాణా నడిపాడు, నేను గాల్లో అంకెలు అమ్ముతున్నాను. అంకెలన్నీ కూడితే తొమ్మిది వచ్చే నంబరును మేం ఫ్యాన్సీ నంబర్ అంటాం. అదృష్టమని చెప్పి రెట్టింపు ధర అడుగుతాం. లెక్కల్లో తప్పినవాడికి ఇంతకంటే మంచి వ్యాపారం ఏముంటుంది?

ఒక మధ్యాహ్నం, వానలో, నన్ను తప్పించిన లెక్కల మాస్టారే కొట్టుకు వచ్చారు. ఆయన భార్య పోయి అప్పటికి ఏడాది దాటింది.

"ఒరే, ఆవిడ నంబరు నాకు మళ్లీ కావాలిరా."

"పాత సిమ్ము ఏదండీ?"

"పన్నెండో రోజు దానాల్లో మంచం, దుప్పటి, చెప్పులతోపాటు ఫోనూ ఇచ్చేశాం. ఆవిడ వాడినవే ఇవ్వాలన్నారు. సిమ్ము తియ్యాలని ఆ రోజు ఎవరికి తోస్తాది?"

పుచ్చుకున్నాయన తన సిమ్ము వేసుకుని పాతది పారేశాడట. రీచార్జి లేక నంబరు డీయాక్టివేట్ అయింది, అంటే కంపెనీ వెనక్కి తీసుకుంది. అలాంటివాటిని కొన్నాళ్లు ఆగి ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నాలోని బేరగాడు ఊరుకోడు కదా. "పోనీండి మాస్టారూ, టోటల్ తొమ్మిదిది ఒకటుంది. మీకని తగ్గించి ఇస్తాను."

"టోటల్ తొమ్మిదైతే తొమ్మిదితో శేషం లేకుండా తెగిపోతాది కదరా! నీకు పాసు మార్కులెలాగ వేస్తాను?" అని నవ్వబోయి ఆగిపోయారు. "మా ఇద్దరి నంబర్లకీ తేడా రెండే. రెండూ ప్రధాన సంఖ్యలు. రెండు మొదలు లక్ష దాకా దేంతో భాగించినా శేషం మిగుల్తాది, పదంకెల నంబరుకి అంతదాకా సూస్తే సాలు, కంప్యూటర్లో వేసి సూశాను. ఇలాటి జంటని కవలలంటారు. మా మధ్యనున్న ఒక్క సంఖ్యనీ రెండు భాగిస్తాది, మూడు భాగిస్తాది, ఆరు భాగిస్తాది. 'దాన్ని ఎంతమందైనా పంచుకోనీండి, మనల్ని ఎవరూ ముక్కలు సెయ్యలేరు' అనీది ఆవిడ."

ఆ నంబరుకు ఫోన్ చేశాను. మోగింది. మాస్టారు కౌంటరు అంచు పట్టుకున్నారు.

ఎత్తింది బొబ్బిలి అమ్మాయి, నర్సింగ్ చదువుతోందట. సంగతి చెప్పి బేరం మొదలుపెట్టాను. మంచి ఫ్యాన్సీ నంబరు, ఏడాది రీచార్జి, పైన ఇయర్‌ఫోన్లు.

"ఏటండీ ఈ బేరం! నా బ్యాంకు, ఆధారు, పరీక్షలు అన్నీ దీనికే లింకయ్యున్నాయి. మా అమ్మకి నోటికొచ్చిన నంబరు ఇదొక్కటే. నాను ఇవ్వనండి."

ఇంకా పెంచబోతుంటే మాస్టారు నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు.

"ఇవ్వకమ్మా. మీ అమ్మకి నోటికొచ్చిందంటున్నావు, అస్సలివ్వకు. రీచార్జి మాత్రం ఎప్పుడూ మానకు."

"అలాగే తాతగారూ. మరి మీరేటి సేస్తారు?"

"నా నంబరు నాకున్నాది తల్లీ."

ఫోను కౌంటరు మీద పెట్టి, వాన వెలిసేదాకా కూర్చున్నారు. నేనిక ఏమీ అమ్మజూపలేదు.

ఇప్పుడు మా ఊళ్లో ఎవరు పోయినా పరామర్శకు వెళ్లి, "ఫోను దానమియ్యండి, సిమ్ము మాత్రం తీసి ఉంచండి, రీచార్జి ఆపకండి" అని చెప్పి వస్తున్నాను. చావింట్లో కూడా గిరాకీ వెతుక్కుంటున్నాడని అంటున్నారట. అననివ్వండి.