పేకాట నోటుబుక్కులో ప్రార్థన జాబితా

సంచౌంగ్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు. శనివారాలు ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అక్కడ పోకర్ టోర్నమెంటు. రాత్రి కర్ఫ్యూ కాబట్టి పగలే ఆడేవాళ్లం. బర్మాలో సైన్యం అధికారం లాక్కున్న ఏడాది అది. మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. నేను లిఫ్టులు మరమ్మతు చేసే కంపెనీ మూతపడింది. పైగా కోవిడ్. అంతకుముందు ఆన్‌లైన్‌లో ఆడుకునే ఎనిమిది మందిమి ఒక చోట చేరాం. డబ్బు పెట్టేవాళ్లం కాదు. అందరికీ సమానంగా ప్లాస్టిక్ చిప్స్ పంచేవారు. అవి అయిపోయినవాడు లేచిపోవాలి, చివరిదాకా మిగిలినవాడు గెలిచినట్టు. పేర్లు కూడా లేవు, సీటు నంబర్లతోనే పిలుచుకునేవాళ్లం. ఒకడు పట్టుబడితే మిగతావాళ్ల పేర్లు బయటికి రాకూడదని ఇంటాయన పెట్టిన నియమం అది. ఆయన ఒకటో సీటు. నేను ఆరో సీటు.

ఇది మా మావయ్యకు తెలిసింది. అమ్మకు అన్న, చిమిండైంగ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద, కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వింటుండగానే నిలదీశాడు.

"నీ సేతిలో నేని ముక్క ఉన్నట్టు ఆడతావా, నేదా?"

"ఆడతాను. అది ఆటలో నియమమే మావయ్యా. ఎదుటివాడికీ తెలుసు."

"తెలిస్తే అబద్దం అబద్దం కాకుండా పోతాదేటి? ప్రభువు బల్లకి రాకు."

ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆ బల్ల నుంచి నన్ను వెలివేసినట్టే. అప్పటి నుంచి మావయ్యతో మాట్లాడలేదు. నా వాదన మూడు అంశాల్లో రాసి పెట్టుకున్నాను కానీ, ఆయన వినేరకం కాదు.

నా నోటుబుక్కు గురించి చెప్పాలి. ముందువైపు ఎవరు ఎలా ఆడతారో రాసుకునేవాణ్ని. వెనకవైపు ప్రార్థన మనవులు. విరామంలో టీ తాగుతూ మనుషులు తమ కష్టాలు చెప్పుకుంటారు. జాబితా లేకుండా ప్రార్థన చేయడం నాకు చేతకాదు. అందుకని గీతలు కొట్టి నాలుగు గడులు చేశాను: తేదీ, ఎవరికి, ఏం కావాలి, జవాబు. అంతా తెలుగులో, సీటు నంబర్లతో. ఆ గదిలో తెలుగు నాకొక్కడికే వచ్చు కాబట్టి ఏ ప్రమాదమూ లేదనుకున్నాను. నా జీవితంలో నేను వేసిన లెక్కలన్నిటిలో ఇంత తప్పు లెక్క మరొకటి లేదు.

ఒక శనివారం బాత్రూంకి వెళ్లి వచ్చేసరికి ఆట ఆగిపోయి ఉంది. తలుపుకు గడియ వేశారు. నాలుగో సీటు చేతిలో నా నోటుబుక్కు.

"ఇదేంటి, కలా?" అన్నాడు. భారతీయుల్ని ఇక్కడ 'కలా' అంటారు. మర్యాదగా అనే మాట కాదు.

"ఆట గురించి రాసుకున్నాను."

"వెనక తేదీలెందుకు? మా నంబర్లెందుకు? నువ్వు దలన్‌వి."

దలన్ అంటే సైన్యానికి ఆచూకీ అందించేవాడు. అంతకు మూడు రోజుల ముందే పక్క వీధిలో ఒక ఇల్లు సోదా చేసి ఇద్దరిని తీసుకెళ్లారు. ఎవరో చెప్పి ఉంటారని అందరూ అనుకుంటున్నారు. ఆ రోజుల్లో దలన్ అని తేలినవాణ్ని ఏం చేసేవారో ఆ గదిలో అందరికీ తెలుసు.

"చదివి వినిపిస్తాను," అన్నాను.

"నువ్వు చదివితే ఎవడు నమ్ముతాడు? మీ అక్షరాలు వచ్చినవాణ్ని ఇంకొకణ్ని పిలువు."

మా కుటుంబంలో తెలుగు చదవగలిగినవాళ్లం ఇద్దరమే. రెండోవాడు మావయ్య.

ఫోన్ చేస్తే నలభై నిమిషాల్లో వచ్చాడు. మాస్కు తీయలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. బల్ల మీది పేకముక్కల్ని పెంటను చూసినట్టు చూశాడు. ఒకటో సీటు నోటుబుక్కు అందించి, ఒక్క ముక్క వదలకుండా బర్మీస్‌లో చెప్పమన్నాడు.

"నేను వదలను," అన్నాడు మావయ్య.

ముందువైపు మొదలుపెట్టాడు. "రెండో సీటు. మంచి ముక్కలు వస్తే టీ తాగడం మరచిపోతాడు." రెండో సీటు తన నిండు కప్పు వైపు చూసుకున్నాడు.

"నాలుగో సీటు. ముక్కలు లేనప్పుడు ఎక్కువ మాట్లాడతాడు."

"పచ్చి అబద్ధం! నేనెప్పుడు మాట్లాడాను? అడగండి, ఎవరినైనా అడగండి..."

"ఇప్పుడు నీ దగ్గర ముక్కలు లేనట్టే," అన్నాడు ఎనిమిదో సీటు.

ఎవరూ నవ్వలేదు. మావయ్య వెనకవైపు తిప్పాడు. చూపు అక్కడే ఆగిపోయింది.

"ఇదేటిరా? ప్రార్దన మనవులా?" అన్నాడు తెలుగులో.

"బర్మీస్‌లో!" అని అరిచాడు నాలుగో సీటు.

ఇంకేదైనా చెప్పు మావయ్యా అని కళ్లతో బతిమాలాను. టోర్నమెంటు లెక్కలని చెప్పు, పద్దులని చెప్పు. ఆయన చదివాడు.

"మూడో సీటు. తమ్ముడు జైల్లో. విడుదల కావాలి. జవాబు, ఇంకా లేదు. ఎనిమిదో సీటు. తల్లికి ఆక్సిజన్. జవాబు, దొరికింది. ఐదో సీటు. కొడుకు పోరాడడానికి అడవిలోకి వెళ్లాడు. క్షేమం."

ఐదో సీటు లేచిన ఊపుకు కుర్చీ పడిపోయింది. సోదాకు వచ్చిన సైనికుడికి అంతకన్నా పనికొచ్చే కాగితం ఉండదని నాకు అప్పుడు అర్థమైంది.

"జవాబు ఎవరిస్తారు? ఏ ఆఫీసు?" అన్నాడు ఒకటో సీటు.

"దేవుడు," అన్నాడు మావయ్య.

"దేవుడికి మా సీటు నంబర్లు కావాలా?"

"దేవుడికి అక్కర్లేదు. వీడికి కావాలి."

చివరి వరుస దగ్గర మావయ్య చాలాసేపు ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"చదువు," అన్నాడు నాలుగో సీటు.

మావయ్య అదే గొంతుతో చదివాడు. "మావయ్య. గర్వం తగ్గాలి. జవాబు, లేదు. కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి."

"ఎవరా మావయ్య?"

"నేనే."

ముందు రెండో సీటు నవ్వాడు. తర్వాత ఎనిమిదో సీటు. "దలన్ అయితే సొంత మావయ్యను కూడా పట్టించేశాడు, అదీ దేవుడికి!" అన్నాడు ఒకటో సీటు, గడియ తీస్తూ. తన మీద రాసింది కూడా దాచుకోనివాడు మిగతాది మార్చి చదివి ఉండడని నమ్మారు. అలా బయటపడ్డాను.

మూడో సీటు మాత్రం నవ్వలేదు. ఆ పేజీ చించి గ్యాస్ పొయ్యి మీద కాల్చి, బూడిదను సింకులో కడిగేశాడు. ఐదో సీటు నా మీదికి వచ్చాడు.

"నా కొడుకు కోసం నీ దేవుణ్ని అడగమని నీకెవడు చెప్పాడు?"

"ఎవరూ చెప్పలేదు."

"మళ్లీ ఈ మెట్లెక్కితే కాళ్లు విరగ్గొడతాను."

కిందికి దిగాక మావయ్య నాకు ఆరడుగులు ముందు నడిచాడు. వీధి మలుపులో నేనే అడిగాను. "ఐదో సీటు వరుస వదిలెయ్యొచ్చుగా? ఇంకాస్తయితే అక్కడే నన్ను చంపేసేవాళ్లు."

"నాదీ వదిలెయ్యాలనిపించినాది. ఒకటి వదిల్తే ఇంకెక్కడ ఆగతాను?" వెనక్కి తిరగలేదు. "ఒకడి కొడుకు ఎక్కడున్నాడో కాయితం మీదెట్టినావు. పేకాట కంటే ఇదే పెద్ద తప్పురా."

నాకు కృతజ్ఞతలు చెప్పాలనిపించలేదు. చెప్పలేదు. ఇద్దరం వేరువేరు సైకిల్‌రిక్షాలు ఎక్కాం.

కొన్ని నెలల తర్వాత చిమిండైంగ్ బజారులో చేపల వరుస దగ్గర ఐదో సీటు ఎదురయ్యాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి, కొన్న చేపను కూడా సంచిలో వేసుకోకుండా అవతలి వరుసలోకి దాటిపోయాడు. కొడుకు బతికున్నాడో లేడో అడగాలని నోటిదాకా వచ్చింది. ఆ రోజుల్లో అలాంటి ప్రశ్నలు అడిగేది దలన్‌లే. అడగలేదు.